మూగజీవుల నొప్పికి వెలుగు మందు

నూజివీడు ప్రాంతమున వేసవి ప్రవేశించినదనగా మామిడి తోటలకు కావలి మొదలగును. ముసునూరు చుట్టుప్రక్కల ఏ తోటకు పోయినను చెట్టు నీడన ఒక నులక మంచము, దానిపై కాపలా మనిషి, మంచము క్రింద ఒక కుక్క కనబడును. రాత్రివేళ ఎండుటాకుల చప్పుడును మనిషికంటె ముందుగా వినునది ఆ కుక్కయే.

మొన్నటి కాపు దినములలో మా విద్యార్థి యొకడు నన్నొక ప్రశ్న అడిగెను. వారి తోట కుక్క ముసలిదై, వెనుక కాళ్లు బిగుసుకొనిపోయి, మంచము క్రిందనుండి లేవలేకున్నదట. పట్నములో పశువైద్యునకు చూపింపగా ఆయన కీళ్లవాత మని చెప్పి, బిళ్లలతోపాటు ఎఱ్ఱని వెలుగు వచ్చు పరికరమును తుంటిపై కొన్ని నిమిషములు పట్టి చూపెనట. ఇట్లు పలుమార్లు తీసికొని రావలె ననెనట.

“మాస్టారూ, వెలుగు పడితే నొప్పి పోతుందా? మా తాతయ్య దీన్ని టార్చిలైటు వైద్యమని నవ్వుతున్నాడు. డబ్బు పెట్టమంటారా, వద్దా?”

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము చెప్పవలెనన్న నూరేండ్లకు పైబడిన చరిత్రను తిరుగవేయవలెను. ఆ చరిత్రలో ఒక పిల్లియు, కొన్ని చిట్టెలుకలును, మన భీమవరమున పుట్టిన ఒక మహాశాస్త్రజ్ఞుడును ఉన్నారు.

కాపడము, వాత

వేడిమితో నొప్పిని తగ్గింపవచ్చునను సంగతి మన పల్లెలకు క్రొత్త కాదు. ఎద్దు కాలు బెణికినచో ఆముదపు టాకు వెచ్చచేసి కట్టుట, ఉప్పు మూటతో కాపడము పెట్టుట పెద్దలు ఎరిగిన పనులే. అంతతో తగ్గని కుంటితనమునకు ఎఱ్ఱగా కాల్చిన ఇనుప కడ్డీతో వాతలు వేయుటయు ఉండెడిది. ఇది మన దేశమునకే పరిమితమైన పద్ధతి యని తలపరాదు. ఐరోపా ఖండమున పందెపు గుఱ్ఱముల కాళ్లకు కూడ ఇట్లే వాతలు వేసెడివారు.

వాత వేసిన పిదప గుఱ్ఱమునకు వారముల తరబడి విశ్రాంతి నిచ్చెడివారు. కుంటితనము తగ్గినచో ఆ గొప్ప వాతదే యని అందరును నమ్మిరి. ఇంగ్లండులోని బ్రిస్టలు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ నమ్మకమును పరీక్షకు పెట్టి, తమ ఫలితములను 1983లో ప్రకటించిరి. కండరమును ఎముకతో కలుపు స్నాయుబంధనము వాత వలన త్వరగా మానుట లేదనియు, నిజముగా మేలు చేసినది విశ్రాంతియే యనియు వారు తేల్చిరి. తరతరములుగా మూగజీవులు ఓర్చుకొనిన బాధ వ్యర్థమని ఒక చక్కని పరీక్ష వలన తెలిసినది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. వాతను ఏ తక్కెడలో తూచిరో, వెలుగును కూడ అదే తక్కెడలో తూచవలసి యున్నది.

ఎండలోనికి జరిగిన పిల్లి

వెలుగును శాస్త్రీయముగా వైద్యమునకు వినియోగించిన వారిలో మొదట పేర్కొనదగినవాడు నీల్స్ ఫిన్సెన్. ఆయన 1860లో డెన్మార్కు ఏలుబడిలోని ఫారో దీవులలో జన్మించి, కోపెన్‌హేగన్ నగరమున వైద్యవిద్య నభ్యసించెను. యౌవనమునందే ఆయనను తీరని జబ్బొకటి పట్టుకొనెను. నీరసముతో గదిలో కూర్చుండి చూచుచుండగా పెరటిలో ఒక పిల్లి ఎండలో పడుకొని యుండెననియు, నీడ తనపైకి వచ్చినప్పుడెల్ల అది లేచి మరల ఎండలోనికి జరుగుచుండెననియు, ఆ దృశ్యమే ఆయనను సూర్యకాంతి శరీరమునకు ఏమి చేయునో ఆలోచింపజేసినదనియు చెప్పుదురు.

అప్పటికే 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అను ఇరువురు సూర్యకాంతి సోకినచోట సూక్ష్మజీవులు పెరుగవని నిరూపించియుండిరి. ఫిన్సెన్ చర్మమునకు వచ్చు క్షయవ్యాధిని ఎన్నుకొనెను. ముఖమును తినివేయు ఆ వ్యాధికి నాడు సరియైన మందు లేదు. బొగ్గు కడ్డీల మధ్య విద్యుత్తు ప్రసరింపజేసి పుట్టించిన తీవ్రమైన వెలుగును కటకములతో ఒకచోటికి చేర్చి, వేడిమి తగులకుండ నీటిగుండ పంపి, పుండుపై పడునట్లు చేసెను. రోగులు కోలుకొనిరి. 1896లో ఆయన పేర కోపెన్‌హేగన్‌లో సంస్థ ఏర్పడెను. 1903లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ఆయనను వరించెను. మరుసటి యేటనే, నలుబదిమూడవ యేట, ఆయన మరణించెను.

ఇందు ఒక విచిత్రము కలదు. అతినీలలోహిత కిరణములు క్షయక్రిములను చంపుట చేతనే ఈ వైద్యము ఫలించెనని చాలకాలము పుస్తకములలో వ్రాసిరి. 2005లో డెన్మార్కు పరిశోధకులు ఫిన్సెన్ వాడిన పరికరములనే మరల పరీక్షించి చూచిరి. ఆ కటకములు అతినీలలోహిత కిరణములలో పెక్కింటిని దాటనీయవని తేలెను. క్షయక్రిములలో పార్ఫిరిన్లను పదార్థములు కలవు. అవి నీలివర్ణపు వెలుగును పీల్చుకొని, క్రిమిని చంపగల ఒక చురుకైన ఆమ్లజని రూపమును పుట్టించి యుండునని వారు వివరించిరి. వైద్యము ఫలించుట వేరు, దాని కారణము తెలియుట వేరు. ఒకటి నిజమైనంత మాత్రమున రెండవది నిజము కానక్కరలేదు.

కెంపు నుండి వెలువడిన కిరణము

దీపపు వెలుగునకును లేజరు వెలుగునకును భేద మేమి? దీపములో కోటానుకోట్ల పరమాణువులు ఎవరికి తోచినప్పుడు వారు మాటాడు సంతలోని జనము వంటివి. ఒక్కొక్కటి ఒక్కొక్క క్షణమున, ఒక్కొక్క దిక్కునకు, వేర్వేరు రంగుల వెలుగును వెదజల్లును. లేజరులోని పరమాణువులు భజన బృందము వంటివి. ఒకరి గొంతు విని వేరొకరు అదే శ్రుతిలో, అదే తాళమునకు అందుకొందురు. ఆ వెలుగు ఒకే రంగుది. చెదరక ఒకే దిక్కునకు పోవును.

ఇట్టి అందుకోలు సాధ్యమని 1917లోనే ఐన్‌స్టీన్ సిద్ధాంతరీత్యా చూపెను. ఉత్తేజము పొందియున్న పరమాణువు ప్రక్కగా తగిన వెలుగు కణము పోయినచో, ఆ పరమాణువు కూడ అచ్చముగా అట్టి కణమునే విడుచును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. 1954లో అమెరికాలో చార్లెస్ టౌన్స్ ఈ సూత్రముతో సూక్ష్మతరంగములను బలపరచు మేజరును నిర్మించెను. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనాలయమున థియోడర్ మైమన్ అనునతడు కృత్రిమమైన కెంపు కడ్డీ చుట్టును ఫొటోగ్రాఫరులు వాడునట్టి మెఱుపు దీపమును చుట్టి వెలిగింపగా, ఎఱ్ఱని లేజరు కిరణము తొలిసారి వెలువడెను. దాని తరంగదైర్ఘ్యము 694 నానోమీటరులు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు.

ఆ సంవత్సరము డిసెంబరులోనే అలీ జవాన్, అతని సహచరులు హీలియము, నియాను వాయువులతో ఎడతెగక వెలుగునట్టి లేజరును చేసిరి. 1962లో అర్ధవాహకములతో చేసిన చిన్న లేజరులు వచ్చినవి. 1964లో మహారాష్ట్రములోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున బొగ్గుపులుసు వాయువుతో లేజరును నిర్మించెను. దాని కిరణమును శరీరములోని నీరు వెంటనే పీల్చుకొనును. కావున అది కత్తివలె మాంసమును కోయగలదు. శస్త్రవైద్యులు నేటికిని దానిని వాడుచున్నారు. అయితే మన కథలోని లేజరు కోసెడిది కాదు, మాన్పునదని చెప్పబడెడిది.

మన దేశమున మూగజీవులపై క్రూరత్వమును నివారించు శాసనము వెలువడినదియు ఆ 1960వ సంవత్సరముననే. పార్లమెంటులో ఈ విషయమును ముందుగా లేవనెత్తినది నృత్యకళాకారిణి శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు. నొప్పి మనుష్యులకే కాదు, పశువులకును ఉన్నదని చట్టము ఒప్పుకొనిన యేడే ఈ క్రొత్త వెలుగును పుట్టుట ఒక చక్కని కలయిక.

బుడాపెస్టులోని చిట్టెలుకలు

లేజరు పుట్టిన మరుసటి యేటనే, 1961 డిసెంబరులో, న్యూయార్కు వైద్యులు దానితో ఒక రోగి కంటిలోని కంతిని కాల్చిరి. బోస్టను నగరమున పాల్ మెగఫ్ అను వైద్యుడు కెంపు లేజరుతో ప్రాణులలోని క్యాన్సరు కంతులను నశింపజేయు ప్రయత్నములు చేసెను. ఈ వార్తలు హంగరీ రాజధాని బుడాపెస్టునకు చేరినవి. అచ్చటి వైద్య విశ్వవిద్యాలయమున ఎండ్రె మెస్టర్ అను శస్త్రవైద్యాచార్యుడు తానును అట్టి ప్రయోగము చేయదలచెను.

ఆయనకు లభించిన కెంపు లేజరు శక్తి చాల తక్కువది. 1967 ప్రాంతమున ఆయన చిట్టెలుకల వీపుపై వెండ్రుకలు గొరిగి, కొన్నింటిపై లేజరు వెలుగు పడనిచ్చి, మరికొన్నింటిని పోల్చి చూచుటకై ఊరక ఉంచెను. వెలుగు వలన క్యాన్సరు పుట్టలేదు, ఏ హానియు కలుగలేదు. కాని వెలుగు పడిన ఎలుకలకు గొరిగినచోట వెండ్రుకలు తక్కినవానికంటె త్వరగా మొలచినవి!

సామాన్యుడైనచో పరికరము పనికిరాదని ప్రక్కన పెట్టియుండును. మెస్టర్ అట్లు చేయక, బలహీనమైన వెలుగే కణములను మేల్కొలుపుచున్నదేమో యని తలచెను. పిదప గాయములపై ప్రయోగించి చూచెను. 1970 దశకమున ఎంతకాలమునకును మానని పుండ్లు గల రోగులకు ఈ వైద్యము చేసి ఫలితములు ప్రకటించెను. ఆయన 1984లో మరణించెను. తగ్గు శక్తి గల లేజరుతో చేయు వైద్యమునకు ఆయనయే మూలపురుషుడని ఈ రంగమువారు భావింతురు.

మెస్టర్ పోలిక ఎలుకలను ఉంచకపోయినచో ఏమగునో విద్యార్థులు ఆలోచింపవలెను. గొరిగిన వెండ్రుక ఎట్లును మొలచును. త్వరగా మొలచినదని చెప్పుటకు వెలుగు పడని ఎలుక ప్రక్కన ఉండవలసినదే.

కణములో వెలుగును అందుకొనున దేది?

వెలుగు శరీరముపై పనిచేయవలెనన్న దానిని పీల్చుకొను పదార్థము ఒకటి లోన ఉండవలెను. పచ్చని ఆకులో పత్రహరితము ఉన్నట్లు మన కణములలో ఏమున్నది? సోవియట్ రష్యాలో టీనా కరు అను శాస్త్రజ్ఞురాలు 1980 దశకమునుండి ఈ ప్రశ్నపై కృషి చేసెను. ఏ తరంగదైర్ఘ్యము గల వెలుగు కణములను ఎక్కువగా ప్రేరేపించుచున్నదో ఆమె కొలిచి, ఆ లెక్కలు సైటోక్రోము ఆక్సిడేసు అను ఎంజైము వెలుగును పీల్చు తీరుతో సరిపోవుచున్నవని చూపెను. ఈ ఎంజైములో ఇనుము, రాగి పరమాణువులు కలవు. మనము పీల్చు ఆమ్లజనిని చిట్టచివర వినియోగించునది ఇదియే. ఇది కణములోని మైటోకాండ్రియా యను సూక్ష్మమైన శక్తిశాలలలో ఉండును.

గాయపడిన కణములో నైట్రిక్ ఆక్సైడు ఈ ఎంజైమునకు అంటుకొని ఆమ్లజనికి అడ్డుపడుననియు, ఎఱ్ఱని వెలుగు దానిని వదలగొట్టుననియు, అంతట శక్తిశాల మరల చురుకుగా పనిచేసి ఎ.టి.పి. యను పదార్థమును ఎక్కువగా తయారుచేయుననియు ఒక వాదము. ఇది పెక్కుమంది అంగీకరించిన వాదమే యైనను, దీనిపై చర్చ ఇంకను ముగియలేదు.

ఇచ్చట తెలుగు పాఠకులు ఒక క్షణము ఆగవలెను. ఎ.టి.పి. కథలో మనవాడొకడు ఉన్నాడు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మదరాసునను చదివి, 1923లో అమెరికాకు పోయిన యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసెను. శరీరద్రవములలోని భాస్వరమును రంగును బట్టి కొలుచు వారి పద్ధతి 1925లో వెలువడి లోకమంతట ప్రయోగశాలలలో వాడుకకు వచ్చినది. ఆ పద్ధతితోనే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఎ.టి.పి.ని వారు వెల్లడించిరి. అదే సమయమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఎ.టి.పి.ని విడిగా కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు గాని, గాయము పూడుటకు గాని కణము ఖర్చుపెట్టు నాణెము ఎ.టి.పి.యే. ఆ నాణెమును తొలుత చేత పట్టి చూపినవారిలో ఒక తెలుగువాడు ఉండుట మనకు గర్వకారణము.

సుబ్బారావు 1948లో మరణించెను. లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల ఫలితముగా వచ్చిన హెట్రజాను బోదకాలునకు మందు. కుక్కల గుండెలో చేరు పురుగులు రాకుండ నివారించుటకు కూడ ఆ మందును చాలకాలము వాడిరి. పెంపుడు జంతువుల వైద్యముతో ఆయనకు ఈ విధముగా రెండవ సంబంధమును కలదు.

పశువైద్యశాలకు వచ్చిన వెలుగు

మన ప్రాంతమున పశువైద్య విద్య చరిత్ర చిన్నది కాదు. 1903లో మదరాసునందును, 1946లో హైదరాబాదునందును కళాశాలలు వెలసినవి. ఆంధ్రమున 1955లో బాపట్లలో మొదలైన కళాశాల తరువాత తిరుపతికి మారినది. 1998లో గన్నవరమున మరియొకటి ఏర్పడినది. ఇవన్నియు ముఖ్యముగా పాడిపశువుల కొరకు, కాడియెడ్ల కొరకు వెలసినవి. కుక్కలను, పిల్లులను వైద్యశాలకు తీసికొని వచ్చు అలవాటు ఇటీవలనే పెరిగినది.

లేజరును జంతువైద్యమున మొదట విరివిగా వాడినవారు పందెపు గుఱ్ఱముల వైద్యులు. 1980 దశకమున గుఱ్ఱముల స్నాయుబంధనములపై దీనిని ప్రయోగించిరి. ఒకనాడు వాతలు పడిన చోటనే వెలుగు పడినది! అంతరిక్షములో మొక్కలు పెంచుటకై అమెరికా అంతరిక్ష సంస్థ ప్రోత్సాహముతో తయారైన ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపములను 1990 దశకమున గాయములపై పరీక్షించిరి. లేజరే కానక్కరలేదు, తగిన రంగు చాలునను భావము దానితో బలపడెను. 2002లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ మనుష్యుల మణికట్టు నొప్పికి తగ్గు శక్తి లేజరును తొలిసారి అనుమతించెను. పిదప కుక్కలకు, పిల్లులకు ప్రత్యేకించిన పరికరములు విస్తారముగా అమ్మకమునకు వచ్చినవి.

మందులేని నొప్పి నివారణకై ఇంత వెదుకులాట ఎందులకు? దీనికి మన దేశపు అనుభవమే సాక్ష్యము. పశువుల నొప్పికి డైక్లోఫెనాకు అను మందును విరివిగా వాడిరి. ఆ మందు పుచ్చుకొని చనిపోయిన పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులుగా నశించినవి. 2004లో శాస్త్రజ్ఞులు ఈ కారణమును బయటపెట్టిరి. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మెలాక్సికాము వంటి మందు రాబందులకు హాని చేయనిదని తేలి, దాని వాడుక పెరిగినది. కుక్కల విషయమునను ఇట్టి అపాయమే కలదు. మనుష్యుల నొప్పి బిళ్లలు వాటి కడుపునకు, మూత్రపిండములకు ప్రమాదకరము. మందు మోతాదు తగ్గింపగల ఏ సాధనమైనను పరిశీలింపదగినదే.

పరీక్షలు చెప్పిన మాట

ఇక అసలు ప్రశ్న. ఇది పనిచేయునా?

మూగజీవులకు నమ్మకముతో నొప్పి తగ్గదు గదా, కావున కుక్క బాగుపడినదన్న వైద్యము నిజమైనట్లే యని కొందరందురు. ఈ తర్కములో లోపము కలదు. కుక్కకు నమ్మకము లేకపోయినను దాని యజమానికి ఉన్నది. 2012లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో కీళ్లవాతము గల కుక్కలకు మందులేని బిళ్ల నిచ్చి చూచిరి. నడకలో పాదము నేలను ఎంత బలముతో నొక్కునో కొలుచు పలకపై మార్పు కనబడకపోయినను, కుంటితనము తగ్గినదని పెక్కుమంది యజమానులు చెప్పిరి. వైద్యులును ఆ భ్రమకు లోనైరి. డబ్బు పెట్టినవాని కన్ను మేలునే వెదకును.

2012లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు వెన్నుపూసల మధ్య చక్రము జారి నడక కోల్పోయిన 36 కుక్కలపై తమ పని ప్రకటించిరి. అన్నింటికి శస్త్రచికిత్స జరిగినది. లేజరు వైద్యము కూడ పొందినవి సుమారు మూడున్నర దినములలో లేచి నడువగా, పొందనివానికి 14 దినములు పట్టినది. ఆశ్చర్యకరమైన భేదము! కాని 2017లో వెలువడిన మరియొక పరీక్షలో, ఉత్తుత్తి వైద్యముతో పోల్చి చూడగా, అట్టి భేదము కనబడలేదు. 2018లో మోచేతి కీళ్లవాతము గల 20 కుక్కలపై జరిగిన పరీక్షలో నిజమైన వెలుగు పొందిన కుక్కలలో కుంటితనము తగ్గినది. వానిలో పెక్కింటికి నొప్పి మందు మోతాదును తగ్గింపగలిగిరి. తెరచి యుంచిన గాయములపై కుక్కలలో జరిపిన ఒక పరీక్ష ఫలితము 2015లో వచ్చెను. వెలుగు వలన గాయము త్వరగా పూడినట్లు దానిలో తేలలేదు.

మనుష్యుల వైద్యమున దీనికి దృఢమైన ఆధారము గల చోటు ఒకటి కలదు. క్యాన్సరు చికిత్స పొందువారికి నోటిలో లేచు బాధాకరమైన పుండ్లను నివారించుటకు కొన్ని సందర్భములలో దీనిని వాడవచ్చునని అంతర్జాతీయ వైద్యబృందములు సిఫారసు చేసినవి. కావున ఇది గారడి కాదు. అట్లని సర్వరోగ నివారిణియు కాదు.

మోతాదు లెక్క

ఫలితములు ఇట్లు ఒకదానితో నొకటి పొసగకుండుటకు మోతాదు ఒక కారణము. వెలుగునకును మోతాదు కలదు. దానిని చదరపు సెంటిమీటరునకు ఇన్ని జౌలులని చెప్పుదురు. ఉన్నత పాఠశాల విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. అర వాటు శక్తి గల కిరణమును 60 సెకనులు పట్టినచో 30 జౌలులు. అది 10 చదరపు సెంటిమీటరుల చోట పడినచో ఒక్కొక్క చదరపు సెంటిమీటరునకు 3 జౌలులు. తక్కువైనచో ఫలితము ఉండదు. మితిమీరినచో మేలు బదులు కణముల పని మందగించును. మొక్కకు నీరు పెట్టుటలో వలెనే ఇందును పాళము ఉన్నది.

రంగును ముఖ్యమే. సుమారు 600 నానోమీటరులకు తక్కువైన వెలుగును రక్తములోని ఎఱ్ఱని పదార్థమును, చర్మములోని నల్లని పదార్థమును అడ్డుకొనును. 1,100కు మించినచో నీరు అడ్డుపడును. ఈ రెంటి నడుమనున్న కిటికీ గుండనే ఎఱ్ఱని, పరారుణ కిరణములు కొంత లోతునకు పోగలవు. కుక్క బొచ్చు దట్టమైనచో అదియు వెలుగును మ్రింగును. నల్లని బొచ్చు వేడెక్కి చర్మము కాలవచ్చును.

అట్లయిన కుక్కను ఎండలో పడుకొనబెట్టిన చాలదా యని మీరు అడుగవచ్చును. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు సెంటిమీటరునకు దాదాపు వాటులో పదవ వంతు శక్తి నిచ్చును. అది తక్కువేమియు కాదు. కాని ఆ శక్తి అన్ని రంగులలోను పంచబడి యున్నది. చాల భాగము బొచ్చుపైననే వేడిగా మారును. మన వేసవి ఎండలో కీలు బాగుపడుటకు ముందు కుక్కకు వడదెబ్బ తగులును. ఫిన్సెన్ చూచిన పిల్లి డెన్మార్కు ఎండలో పడుకొన్నదని మరువరాదు.

జాగ్రత్తలు కొన్ని కలవు. ఈ కిరణము కంటిలో పడినచో చూపు పోవచ్చును. వైద్యునకు, సహాయకునకు, కుక్కకు కూడ కళ్లద్దములు ఉండవలెను. క్యాన్సరు కంతిపైనను, గర్భముతోనున్న జంతువు పొట్టపైనను దీనిని వాడరాదు. సంతలో దొరకు ఆటబొమ్మ లేజరును వైద్యమని పట్టుట తెలివితక్కువ పని.

తోట కుక్క లెక్కల పుస్తకము

మా విద్యార్థికి నేను చెప్పినది ఇంతే. “ముందు వైద్యుడిచ్చిన బిళ్లలు సరిగా వెయ్యండి. కుక్క బరువు తగ్గించండి. కీళ్లకు అంతకంటె మేలు లేదు. తడి నేల మీద పడుకోనివ్వకండి. వెలుగు వైద్యానికి ఖర్చు పెట్టగలిగితే కొన్నిసార్లు చేయించి చూడండి, అప్పు చేసి మాత్రం వద్దు. అయితే ఒక నోటుపుస్తకం పెట్టు. రోజూ ఉదయం కుక్క పిలిచిన ఎన్ని సెకన్లకు లేస్తుందో, మంచం దగ్గరనుంచి నీళ్ల తొట్టిదాకా ఎన్నిసార్లు ఆగుతుందో వ్రాయి. వైద్యానికి రెండు వారాల ముందే మొదలుపెట్టు. లెక్కవేసేది నువ్వు కాదు, మీ తాతయ్య. ఏ రోజు వెలుగు పెట్టించారో ఆయనకు చెప్పకు.”

వాడు నవ్వి, “తాతయ్యకి నమ్మకం లేదుగా మాస్టారూ” అనెను.

“అందుకే ఆయన్ను పెట్టమన్నాను. కాని ఆయన ఎగతాళి కూడ ఒక నమ్మకమే. లెక్క ఆయనది, గడియారం నీది.”

నెల దినముల తరువాత వాడు ఆ పుస్తకము తెచ్చి చూపెను. బిళ్లలు మొదలైన వారమునుండి కుక్క లేచు సమయము తగ్గినది. వెలుగు మొదలైన పిదప ఇంకొంచెము తగ్గినట్లున్నది. కాని అప్పటికి వానలు పడి, వేడి చల్లారి, కావలి పనియు ముగిసినది. ఏది దేనివలననో ఒక్క కుక్కతో చెప్పలేము. ఈ మాట వాడు నాకు చెప్పెను. నేను వానికి చెప్పలేదు.

ఉపాధ్యాయులకు నా విన్నపము ఒకటి. మీ పాఠశాల పిల్లల ఇండ్లలో కుంటుచున్న కుక్కయో, కాలు బెణికిన దూడయో తప్పక ఉండును. వానిని వైద్యునకు చూపించిన తరువాత పిల్లలచేత ఇట్టి లెక్క వ్రాయించుడు. బుడాపెస్టు ఆచార్యుని గొరిగిన ఎలుకలకును, ముసునూరు తోటలోని నోటుపుస్తకమునకును నడుమ శాస్త్రపద్ధతిలో భేదము లేదు. ముసలి కుక్క ఇప్పుడు పిలువగా లేచి వచ్చుచున్నది. వాళ్ల తాతయ్య టార్చిలైటు వైద్యమని అనుట మానలేదు గాని, ఉదయమున సెకనులు లెక్కించుటయు మానలేదట.